స్లాబ్ పోయకముందే మిద్దె తోట బరువు లెక్కేయండి

పైన వీడియోలో టేపు పట్టుకొని సెంట్రింగ్ రేకుల మీద నడుస్తున్నది నేనే. వెనకాల వినిపించే హారన్ సీతాఫల్‌మండి స్టేషన్‌లోకి వస్తున్న ఎంఎంటీఎస్ రైలుది. ప్రకృతి వ్యవసాయం గురించి మాట్లాడే చోట ఈ సిమెంటు గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించొచ్చు. కారణం ఉంది. మనలో సగం మందికి ఊళ్లో పొలం, పట్నంలో చిన్న ఇల్లు. ఆ ఇంటి మీద మిద్దె తోట పెట్టాలని అందరికీ ఆశ. కుండీలు, డ్రమ్ములు, జీవామృతం, మట్టి మిశ్రమం, అన్నిటి గురించీ గంటలకొద్దీ వీడియోలు చూస్తాం. ఆ బరువంతా మోసే స్లాబ్‌లో ఎంత కాంక్రీటు పడింది, ఎంత పడాలి అనేది మాత్రం మేస్త్రీకి వదిలేస్తాం. నేనూ అట్లాగే వదిలేశాను. అది తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో నా ఇంటి లెక్కతోనే చెప్తాను.

మాది సీతాఫల్‌మండిలో 80 గజాల జాగా. పేరులో సీతాఫలాల మండి ఉంది గానీ, మా గల్లీలో ఒక చెట్టు నాటడానికి జానెడు నేల లేదు. నాన్న కట్టిన పాత ఇంటికి ఇనుప గడ్డర్ల మీద షాబాదు బండల కప్పు ఉండేది. 2009లో అది తీసేసి కొత్తగా ఇల్లు కట్టి స్లాబ్ వేశాం. అప్పటి మేస్త్రీ మంచోడే, పనిమంతుడే. పేరు చెప్పను, తప్పు సగం నాది. ఆయన ఇల్లంతా ఒకసారి అటూ ఇటూ తిరిగి, "570 అడుగుల స్లాబ్ సార్. అరవై బస్తాలు తెప్పించుండ్రి, సరిపోతయ్" అన్నాడు. కంకర, ఇసుక కూడా ఆ లెక్కకే తెప్పించాం.

పొద్దున ఆరున్నరకి మిల్లర్ మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి వంటింటి పైభాగం మిగిలి ఉండగా కంకర అయిపోయింది. సిమెంటు అంటే మెయిన్ రోడ్డు మీద షాపులో గంటలో దొరుకుతుంది. కంకర, ఇసుక లారీలను పగలు నగరంలోకి రానివ్వరు. రాత్రి పదకొండింటికి గానీ లారీ రాలేదు. అప్పటికి స్లాబ్ గ్యాంగులో సగం మంది వెళ్లిపోయారు. మధ్యాహ్నం పోసిన కాంక్రీటు అంచు గట్టిపడిపోయింది. ఆ అంచుకే కొత్త కాంక్రీటు ఆనించి, ఉన్నదాన్ని పలచగా పరిచి, "అయిపోయింది సార్" అనిపించారు. నేను కూడా హమ్మయ్య అనుకుని అందరికీ మిఠాయి పంచాను.

నాలుగేళ్ల తర్వాత దాని మీదే తోట మొదలుపెట్టాను. టమాటా, వంగ, బచ్చలి, గోంగూర. బ్రహ్మాండంగా కాసింది. రోజూ పెట్టిన నీళ్లు కుండీల అడుగు నుంచి జారి, ఆ పాత అతుకు దగ్గర లోపలికి దిగుతున్నాయని నాకు తెలియదు. వంటింట్లో పైకప్పుకి గోధుమరంగు గీత వచ్చింది. సున్నం వేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ వేశాను. చివరికి ఒక పొద్దున తట్టంత పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది. అమ్మ అప్పుడే పాలగిన్నె దించి పక్కకు జరిగింది. పైకి చూస్తే తుప్పు పట్టి ఉబ్బిన సలాకలు కనిపించాయి. రిపేరు కోసం అక్కడ రంధ్రం వేయిస్తే స్లాబ్ మందం మూడు ముప్పావు అంగుళాలు తేలింది. ఉండాల్సింది 5. అదే రోజు తోట మొత్తం కిందకి దించేశాను.

ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకొని ఆ పాత స్లాబ్ లెక్క మళ్లీ వేశాను. నా పొలంలో ఎకరానికి జీవామృతం కలపాలంటే 200 లీటర్ల నీళ్లకి పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి అని కొలిచి వేసేవాణ్ణి. ఇంటి కప్పుకి మాత్రం ఇంకొకరి కంటిచూపును నమ్మాను.

ఇక లెక్కకి వద్దాం. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, పొలంలో కుంట తవ్వకం లెక్క తెలిసినవాళ్లకి ఇదీ తెలిసినట్టే. పొడవు, వెడల్పు, మందం గుణిస్తే ఘనపుటడుగులు. షాపుల్లో సీఎఫ్‌టీ అంటారు. మందం అంగుళాల్లో చెప్తారు కాబట్టి 12తో భాగించి అడుగుల్లోకి మార్చుకోవాలి. మా స్లాబ్ 20 అడుగులు, 32 అడుగులు. అంటే 640. అందులో మెట్ల కోసం వదిలిన ఖాళీ 7 అడుగులు, 10 అడుగులు, అంటే 70. అది తీసేస్తే 570 చదరపు అడుగులు. మందం 5 అంగుళాలు. 570ని 5తో గుణించి 12తో భాగిస్తే 237.5 ఘనపుటడుగులు. ఇక్కడిదాకా మేస్త్రీకి, నాకు తేడా లేదు.

తేడా అంతా బీముల్లో ఉంది. స్లాబ్ కింద పొడవునా మూడు వరసలు, అడ్డంగా నాలుగు వరసలు బీములు. మూడు 32లు 96, నాలుగు 20లు 80, మొత్తం 176 అడుగులు. అవి ఒకదాన్నొకటి దాటే చోట్లు 12, ఒక్కోటి ముప్పావు అడుగు. రెండుసార్లు లెక్కపెట్టిన ఆ 9 అడుగులు తీసేస్తే 167. బీము వెడల్పు 9 అంగుళాలు, మొత్తం లోతు 15. అందులో పైన 5 అంగుళాలు స్లాబ్‌లో కలిసే ఉంది, కాబట్టి కిందికి దిగేది 10 అంగుళాలే. ముప్పావు అడుగు, 10 బై 12 అడుగు, 167 అడుగులు గుణిస్తే 104 ఘనపుటడుగులు పైనే వస్తుంది. స్లాబ్‌లో దాదాపు సగం! ఇది ఎవరి లెక్కలోనూ లేదు. మేస్త్రీ లెక్క చదరపు అడుగులది, బీములు ఆయనకి కనపడనే లేదు. కనపడకేం, కింద నిలబడితే కళ్ల ముందే ఉన్నాయి, లెక్కలోకి రాలేదంతే.

237.5కి 104.4 కలిపితే 342. పారబోత, రేకుల సందుల్లో కారిపోవడం, తట్టలకి అంటుకోవడం, వీటికి వందకి 5 చొప్పున కలిపితే 359 ఘనపుటడుగులు. క్యూబిక్ మీటర్లలో కావాలంటే 35.3తో భాగించండి, పది మీటర్లు పైచిలుకు వస్తుంది.

ఇప్పుడు ఇందులో సిమెంటు ఎంత, ఇసుక ఎంత, కంకర ఎంత? మనం ఇళ్ల స్లాబులకి వాడే పాళ్లు ఒకటి, ఒకటిన్నర, మూడు. దీన్ని ఎం20 అంటారు. సలాకలు వేసి పోసే కాంక్రీటు ఇంతకంటే తక్కువ ఉండకూడదని ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం చెప్తుంది. పాళ్లన్నీ కలిపితే ఐదున్నర. కానీ పొడిగా కొలిచిన సరుకు తడిపి కలిపాక తగ్గిపోతుంది. ఎందుకంటే, గంప నిండా గుమ్మడికాయలు పెట్టి, సందుల్లో నిమ్మకాయలు పోసి, ఆ సందుల్లో మళ్లీ కందులు పోయండి. గంప అంతే ఉంటుంది, సరుకు మాత్రం గంపన్నర పడుతుంది. కంకర సందుల్లో ఇసుక, ఇసుక సందుల్లో సిమెంటు. అందుకే 359ని 1.54తో గుణించి పొడి సరుకు తీయాలి. అది 553. ఐదున్నరతో భాగిస్తే ఒక పాలు 100.5 ఘనపుటడుగులు, అదే సిమెంటు. యాభై కిలోల బస్తా 1.226 ఘనపుటడుగు ఉంటుంది, కాబట్టి 82 బస్తాలు. ఇసుక ఒకటిన్నర పాలు, 151. కంకర మూడు పాళ్లు, 302.

అరవై ఎక్కడ, 82 ఎక్కడ!

అయినా మేస్త్రీని తిట్టను, కారణం చెప్తాను. వంద చదరపు అడుగులకి పది బస్తాలు అనేది వాళ్ల నోటి లెక్క. దాన్ని కాగితం మీద వేసి చూశాను. 5 అంగుళాల స్లాబ్‌కి, వందకి 5 పారబోత కలిపితే, సరిగ్గా పది బస్తాలే వస్తుంది. బడికి వెళ్లని మనిషి నోట్లో ఇంత కచ్చితమైన లెక్క ఉంది. కానీ అది బీములు లేని, 5 అంగుళాలకి మించని, గోడల మీద కూర్చునే స్లాబ్ లెక్క. కాలం మారి పిల్లర్లు, బీములు వచ్చాయి, లెక్క మారలేదు. మన దగ్గర కూడా ఎకరానికి ఇన్ని బస్తాల యూరియా అని నోటి లెక్కలు ఎన్ని లేవు? అది ఏ నేలకి, ఏ పంటకి, ఏ కాలంలో అన్న మాట రాలిపోయి అంకె ఒక్కటే మిగులుతుంది.

ఇసుక దగ్గర ఇంకో మోసం ఉంది. మోసం అంటే మనిషి చేసింది కాదు, నీళ్లు చేసింది. కాస్త తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. వందకి 5 పాళ్ల తడి ఉంటే, కొలతలో పావు వంతు దాకా ఉబ్బొచ్చు. అంటే మీరు పెట్టె నిండా ఇసుక అనుకుంటారు, అందులో ఐదో వంతు దాకా గాలే. వీడియోలో చూపించాను చూడండి. గాజు గ్లాసులో తడి ఇసుక నొక్కకుండా నింపి గీత పెట్టాను. దాన్ని వేరే గిన్నెలో పోసి, గ్లాసులో సగం నీళ్లు పోసి, అదే ఇసుక మళ్లీ అందులో వేసి కలిపాను. పూర్తిగా మునిగిన ఇసుక ఉబ్బు పోగొట్టుకొని కిందికి దిగింది. ఎంత దిగిందో అంత ఉబ్బు అన్నమాట. దానికి తగ్గట్టు తడి ఇసుక కొంచెం ఎక్కువ కొలవాలి, మిల్లర్‌లో పోసే నీళ్లు కొంచెం తగ్గించాలి. పట్నంలో ఇసుక టన్నుల్లో అమ్ముతారు కదా, కాంటా మీద ఆ నీళ్లకి కూడా మనమే డబ్బు కడతాం. వానాకాలంలో మరీనూ.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. బస్తాకి ఇసుకలో తడితో కలిపి 25 నుంచి 27 లీటర్లు మించకూడదు. మిల్లర్ దగ్గర నిలబడే అబ్బాయి పని తేలిగ్గా జారాలని బకెట్ మీద బకెట్ గుమ్మరిస్తాడు. ఎక్కువైన నీళ్లు ఎండిపోయాక అక్కడ సన్న రంధ్రాలు మిగులుతాయి. పైన తోట పెట్టే మనకి ఆ రంధ్రాలే శత్రువులు. అన్ని పనులూ వదిలేసినా, ఆ రోజు ఇంట్లో ఒకరు మిల్లర్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చోండి. టీలు, బిస్కెట్లు వేరేవాళ్లు చూసుకుంటారు.

"అయితే నాలుగు బస్తాలు ఎక్కువే వేద్దాం, గట్టిగా ఉంటుంది" అనేవాళ్లున్నారు. మా బావమరిది అదే అన్నాడు. ఈ మాట నాకు యూరియా మాటలాగే వినిపిస్తుంది. పైరు నల్లగా కనిపిస్తే చాలనుకుని గుప్పినట్టు. సిమెంటు ఎక్కువైతే కాంక్రీటు ఎండేటప్పుడు ముడుచుకుపోవడం ఎక్కువై, పైన వెంట్రుకల్లాంటి బీటలు వస్తాయి. డబ్బు దండగ వేరే. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రపంచంలో మనుషులు వదిలే కర్బన వాయువుల్లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నాయి. ఒక బస్తా సిమెంటు తయారవ్వాలంటే ముప్పై కిలోలకి పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పొలంలో సేంద్రియ కర్బనం పెంచాలని తాపత్రయపడే మనం ఇంటి దగ్గర లెక్కలేకుండా సిమెంటు పోస్తామా? ప్రకృతి రైతు అసలు సిమెంటే ముట్టకూడదు, మట్టి ఇల్లే కట్టాలి అనే మిత్రులతో మాత్రం నేను ఏకీభవించను. ఊళ్లో అయితే కట్టుకోండి, నాకూ ఇష్టమే. 80 గజాల జాగాలో, రెండు పక్కలా గోడలు ఆనుకున్న సీతాఫల్‌మండి గల్లీలో రెండంతస్తుల మట్టి ఇల్లు ఎట్లా కడతాం? కావాల్సినంత వాడదాం, కొలిచి వాడదాం.

ఇక అసలు విషయం, ఈ వీడియో చేయడానికి కారణం. ఇప్పుడు పైన ఇంకో అంతస్తు వేస్తున్నాం. పునాది, పిల్లర్లు మోస్తాయా లేదా అని ఇంజనీరు మేడమ్‌తో చూపించి, పాత స్లాబ్ వంటింటి భాగం బాగు చేయించాకే మొదలుపెట్టాం. కొలతలు పాతవే, 570 చదరపు అడుగులు. కానీ ఈసారి మొదటి రోజే చెప్పాను, "మేడమ్, దీని మీద తోట వస్తుంది" అని. ఆమె కాస్త ఆశ్చర్యపోయి, "ఈ మాట అందరూ స్లాబ్ అయిపోయాక చెప్తారు అంకుల్" అంది.

మనుషులు తిరిగే ఇంటి పైకప్పుకి చదరపు మీటరుకి 150 కిలోల బరువు పడుతుందని లెక్కగట్టి స్లాబ్ తయారుచేస్తారు. ఐఎస్ 875 రెండో భాగంలో ఉన్న అంకె అది. మన భాషలో చదరపు అడుగుకి 14 కిలోలు. బట్టలు ఆరేసుకోవడానికి, సంక్రాంతికి పతంగులు ఎగరేయడానికి అది చాలు. ఇప్పుడు తడి మట్టి సంగతి చూడండి. ఒక ఘనపుటడుగు తడి మట్టి 45 నుంచి 54 కిలోల దాకా తూగుతుంది. అంటే అడుగు లోతు మడి కట్టి నీళ్లు పెడితే చదరపు అడుగుకి దాదాపు 50 కిలోలు. మోయగలిగేది 14, మనం పెట్టేది 50. స్లాబ్ వెంటనే కూలదు, అదే ప్రమాదం. కూలదు కాబట్టి ఏం కాలేదనుకుంటాం. కిందికి వంగుతుంది, వంగిన చోట నీళ్లు నిలుస్తాయి, సన్న బీట వస్తుంది, నీళ్లు సలాక దాకా వెళ్తాయి. మా వంటింట్లో జరిగింది అదే.

200 లీటర్ల జీవామృతం డ్రమ్ము తీసుకోండి. నిండితే 200 కిలోలు దాటుతుంది. దాని అడుగు మూడు చదరపు అడుగులు కూడా ఉండదు. అడుగుకి డెబ్బై కిలోలకి పైనే. దాన్ని మనం ఎక్కడ పెడతాం? కలపడానికి వీలుగా ఉంటుందని సరిగ్గా స్లాబ్ నడిమధ్యలో. చాలా వీడియోల్లో చూశాను, నా పాత వీడియోల్లో కూడా ఉంటుంది. దయచేసి అట్లా పెట్టకండి. కింద పిల్లరు ఉన్న మూల మీద పెట్టండి, లేదంటే బీము మీద పెట్టండి.

మరి మందం పెంచితే సరిపోతుందా అని అడిగాను. సరిపోదు. స్లాబ్ తన బరువు తానే మోయాలి కదా. 5 అంగుళాల స్లాబ్ చదరపు అడుగుకి 30 కిలోలు, 6 అంగుళాలది 36. పెంచిన అంగుళమే 6 కిలోలు తినేస్తుంది. దానికి తగ్గట్టు సలాకల మందం, ఎడం, బీము లోతు అన్నీ మారాలి, అది ఇంజనీరు పని. మాకు మేడమ్ స్లాబ్ 6 అంగుళాలు చేసి, బీము లోతు 16కి పెంచి, సలాకల లెక్క మార్చి ఇచ్చింది. తోటకి హద్దు కూడా గీసింది. బీముల వెంబడే అడుగు లోతు మడులు, మిగతా చోట ఆకుకూరలకి అర అడుగు లోతు తొట్లు, అవి కూడా మట్టి తక్కువ, కొబ్బరి పొట్టు, ఆకుల ఎరువు ఎక్కువ ఉన్న తేలిక మిశ్రమంతో. మధ్యలో నడిచే దారి ఖాళీ. నాకు మొదట కోపం వచ్చింది, ఇంత స్లాబ్ వేసి ఇంతే తోటా అని. తర్వాత వంటింటి పెచ్చు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అప్పుడు నా పాత లెక్క మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. స్లాబ్ 570లో సగం, 285. బీములు కిందికి దిగేది మళ్లీ 10 అంగుళాలే, 104.4. కలిపి 389, పారబోతతో 409 ఘనపుటడుగులు. క్యూబిక్ మీటర్లలో 11.6. సిమెంటు 94 బస్తాలు, ఇసుక 172, కంకర 344 ఘనపుటడుగులు. తోట కోసం అదనంగా పడ్డది 12 బస్తాలు, కాస్త ఇసుక, కంకర, కొంత సలాక. ఐదేళ్ల తర్వాత రిపేరుకి పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇదొక ఖర్చా చెప్పండి.

కొత్త మేస్త్రీ పాలమూరు నుంచి వచ్చినాయన, వయసులో నాకంటే పెద్ద. కాగితం చూపిస్తే నవ్వి, "అన్నా, నేను ముప్పై ఏండ్ల సంది పోస్తున్న. డెబ్బై బస్తాలు చాలు" అన్నాడు. "చాలకపోతే?" అన్నాను. "చాలకపోతే తెప్పించుకుందాం." "లారీ పగలు రాదు కదా పెద్దాయనా" అంటే ఆలోచించాడు. బీముల దగ్గరికి తీసుకెళ్లి టేపు పెట్టి, ఒక్కో వరసా ఆయన చేతే కొలిపించాను. కొలిచాక ఆయనే అన్నాడు, "బీములు మస్తు తింటయ్ అన్నా, నిజమే." పెద్దమనిషి, పట్టుదలకి పోలేదు. ఒకటి చెప్పాలి, ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కూడా ఉంది. సగం పనిలో లెక్క సరిచూసుకునే ఉపాయం ఆయనకి చెప్తే, దాన్ని ఇంకా సులువు చేశాడు.

ఉపాయం ఇది. బస్తాకి దాదాపు 4.4 ఘనపుటడుగుల కాంక్రీటు వస్తుంది. నలభై బస్తాలు అయ్యేసరికి 175 పడి ఉండాలి. బీములు ముందు నింపితే 104 వాటికి పోతుంది. మిగిలిన 71, 6 అంగుళాల మందంతో 140 చదరపు అడుగులు పరచుకోవాలి. అంతకంటే బాగా ఎక్కువ పరచుకుంటే పలచగా పోస్తున్నారు, తక్కువ పరచుకుంటే మందం ఎక్కువైంది, లేదా ఎక్కడో రేకు సందులో కారిపోతోంది. మేస్త్రీ ఏం చేశాడంటే, ఆ 140 అడుగులు ఎక్కడిదాకా వస్తాయో సెంట్రింగ్ గోడ మీద ముందే సుద్దముక్కతో గీత గీశాడు. నలభయ్యో బస్తాకి గీత దగ్గరికి చేరాలి, అంతే. నేను చేసింది ఒక్కటే, సలాక ముక్కకి 6 అంగుళాల దగ్గర ఎర్ర పెయింటు పూసి, తడి కాంక్రీటులో అక్కడక్కడా గుచ్చి చూడటం. ఆ సలాకముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

రెడీమిక్స్ ఎందుకు వేయించలేదని అడుగుతారు. మా గల్లీలోకి ఆ బండి తిరగదు, పైపు పంపు పెట్టినా మలుపు దగ్గర కుదరలేదు. మీకు కుదిరితే మంచిదే. కానీ అక్కడ కూడా లెక్క మీ దగ్గర ఉండాలి. వాళ్లు క్యూబిక్ మీటర్లలో అమ్ముతారు, ఒక మీటరు కాంక్రీటు ఇంచుమించు 2,400 కిలోలు. ఆరు మీటర్లని చెప్పి పంపిన బండిలో కాంక్రీటు పద్నాలుగు టన్నుల పైన తూగాలి. ధాన్యం అమ్మేటప్పుడు కాంటా చీటీ అడిగే మనం ఇక్కడ అడగడానికి మొహమాటం ఎందుకు?

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పోశాం. పొద్దున ఆరుకి మొదలై మధ్యాహ్నం మూడున్నరకి అయిపోయింది, ఎక్కడా ఆగలేదు. 92 బస్తాలు పట్టాయి. రెండు మిగిలాయి, ఇసుక నాలుగైదు తట్టలు, కంకర కొంచెం ఎక్కువే మిగిలింది. నా లెక్కలో పారబోత కాస్త ఎక్కువ పెట్టుకున్నానని మేస్త్రీ ఎకసెక్కం చేశాడు. పర్లేదు.

మర్నాడు పొద్దున్నే స్లాబ్ మీద చిన్న గట్లు కట్టి మడులు చేసి నీళ్లు నిలబెట్టాం. ఇది చూసి అమ్మ, "వరి నాటేస్తావేంట్రా" అంది. రెండు అంగుళాలు నిలపాలంటే మా స్లాబ్‌కి ఒక్కసారికి 2,700 లీటర్ల దాకా కావాలి, ఆ నీళ్లు ముందే చూసి పెట్టుకోండి, ఎండాకాలం అయితే మరీను. ఇప్పుడు వచ్చే సిమెంటులో చాలావరకు బూడిద కలిసినదే, దానికి కనీసం పది రోజులు తడి ఆరకూడదు, ఎండ గట్టిగా ఉంటే పద్నాలుగు. మేం పద్నాలుగు రోజులూ ఉంచాం. ఒక్కపూట కూడా ఆరనివ్వలేదు, ఊళ్లో పొలానికి వెళ్లిన రోజుల్లో మా ఆవిడ, పక్కింటి అబ్బాయి చూసుకున్నారు.

నీళ్లు నిలవకుండా పైన వాలు, పూత పని ఇంకా మిగిలే ఉంది. అది పూర్తయ్యి, ఒక వాన పడి, కింద గదిలో చెమ్మ లేదని చూసుకున్నాకే మట్టి ఎక్కిస్తాను. అమ్మకి ఒకటే కోరిక, సీతాఫల్‌మండిలో ఒక సీతాఫలం మొక్క ఉండాలని. సగానికి కోసిన డ్రమ్ములో మట్టి నింపి నీళ్లు పెడితే 170 కిలోల దాకా ఉంటుంది. ఈశాన్యం మూల పిల్లరు మీద దానికి చోటు చూసి, పెయింటుతో గుండ్రంగా గీసి పెట్టాను.